వాగు ముందు ఆగితే పోయేది ఒక పీరియడే

2024 ఆగస్టు 31న గుంటూరు జిల్లా పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర పొంగుతున్న వాగును దాటబోయి ఒక కారు కొట్టుకుపోయింది. భారీ వర్షం వల్ల బడికి సెలవు ఇవ్వడంతో ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు విద్యార్థులు అందులో ఇంటికి బయల్దేరారు. ముగ్గురూ ప్రాణాలు కోల్పోయారు. ఆ మరునాడే మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు వరదకు మరో కారు కొట్టుకుపోయింది. హైదరాబాద్ విమానాశ్రయానికి వెళ్తున్న తండ్రీకూతుళ్లు చనిపోయారు.

వీళ్లంతా చదువుకున్నవాళ్లు, బాధ్యత తెలిసినవాళ్లు. సాహసం చేయాలని ఎవరూ బయల్దేరలేదు. ఒక కారు ఇంటికి చేరాలి, ఇంకో కారు విమానం వేళకు చేరాలి. మనమూ రోజూ ఉదయం అలాగే బయల్దేరుతాం. 8.30కి గేటు మూస్తారు, ఇవాళ స్లిప్ టెస్ట్ ఉంది, సాయంత్రం పాప ఒక్కతే ఉండిపోతుంది. మనల్ని నీళ్లలోకి దింపేది చాలాసార్లు ఈ తొందరే. కాబట్టి ఆ తొందరను తగ్గించే పని ఇంట్లోనూ బడిలోనూ వానకు ముందే జరగాలని నా అభిప్రాయం.

కారు బరువైనది కదా, నీళ్లు దాన్నేం చేస్తాయి అనుకుంటాం. హైస్కూలు పిల్లలు చదివే ఆర్కిమెడిస్ సూత్రంతో మనమే లెక్క వేసి చూడవచ్చు. చిన్న కారు అడుగు భాగం వైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు అనుకుందాం. ఆ అడుగు భాగాన్ని దాటి పైకి వచ్చే ప్రతి 10 సెంటీమీటర్ల నీరు కారును దాదాపు 500 కిలోల బలంతో పైకి తోస్తుంది. రోడ్డుకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ సుమారు 17 సెంటీమీటర్లు. ఆపైన మరో 20 సెంటీమీటర్లు నీరు చేరితే పైకి తోసే బలం టన్నుకు చేరుతుంది. ఖాళీ చిన్న కారు బరువు కూడా దాదాపు అంతే. అంటే నీళ్లు పెద్దవాళ్ల మోకాలిదాకా రాకముందే టైర్లు రోడ్డు మీద పట్టు వదిలేస్తాయి. అప్పుడిక స్టీరింగ్, బ్రేకు ఉన్నా లేనట్టే.

అది నిలిచి ఉన్న నీటి సంగతి. ప్రవహించే నీరు పక్క నుంచి కూడా తోస్తుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగు రెట్లవుతుంది. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ అక్కడి వాహనదారులకు చెప్పేదీ ఇదే: ఒక అడుగు ప్రవాహం చాలా కార్లను, రెండు అడుగుల ప్రవాహం ఎస్‌యూవీలను సైతం లాక్కుపోగలదు. వరదల్లో మునిగి చనిపోయేవారిలో సగానికి పైగా నీళ్లలోకి వాహనం నడిపినవారేనని కూడా ఆ సంస్థ గుర్తుచేస్తుంది. ‘మాది పెద్ద బండి’ అనే ధీమా రోడ్డు గుంతల వరకు పనికొస్తుంది. పొంగే వాగు దగ్గర పనికిరాదు.

పైగా నీటి అడుగున ఏముందో మనకు కనిపించదు. నీరు పల్లమెరుగు అంటారు. లింగంపల్లి, మలక్‌పేట రైల్వే అండర్‌బ్రిడ్జిల లాంటి చోట్ల చుట్టుపక్కల నీళ్లన్నీ చేరి నిమిషాల్లో లోతు పెరుగుతుంది. కాలనీల్లో నీరు పోవాలని ఎవరో మ్యాన్‌హోల్ మూత తీసి ఉండవచ్చు. ఊరి బయట చప్టా మీద నీరు పారుతుంటే, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో గట్టు మీద నిలబడి చెప్పలేం. ముందు బండి దాటింది కదా అనుకుంటాం. అది దాటినప్పటి లోతు మన వంతు వచ్చేసరికి ఉండకపోవచ్చు.

ప్రాణానికి ముప్పు లేని లోతులో కూడా బండికి నష్టం తప్పదు. ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి నీరు చేరితే, నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేకపోతే అలాంటి నష్టానికి బీమా డబ్బు రాకపోవచ్చు. పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి.

ఇక అసలు విషయం. ‘పిల్లవాడు బడిలో చిక్కుకుపోయాడు, వెంటనే వెళ్లి తెచ్చుకోవాలి’ అని ప్రతి తల్లికీ తండ్రికీ అనిపిస్తుంది. అది సహజం. కానీ కుండపోతగా వాన పడుతున్నప్పుడు పక్కా భవనంలో, ఉపాధ్యాయుల మధ్య ఉన్న బిడ్డ కన్నా, ఆ బిడ్డ కోసం నీళ్లలోకి కారు దింపిన తండ్రి ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. బిడ్డను ఎక్కించుకుని అదే దారిన తిరిగి వస్తే ఇద్దరూ ప్రమాదంలో పడతారు. రెండు గంటలు ఆలస్యమైతే పిల్లలకు ఆకలేస్తుంది, విసుగొస్తుంది, ఏడుస్తారు. అవన్నీ ఇంటికి వచ్చాక సర్దుకునేవే.

బడి వైపు నుంచీ మారాల్సినవి ఉన్నాయి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజున ఆలస్యమైనా, రాలేకపోయినా హాజరు తగ్గించబోమని, జరిగిన పరీక్ష మళ్లీ పెడతామని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. సెలవు ఇవ్వదలిస్తే ముందురోజు రాత్రో, తెల్లవారుజామునో ఇవ్వాలి. వాన జోరుగా ఉండగా మధ్యాహ్నం ఉన్నట్టుండి గేట్లు తెరిస్తే వందల కార్లు ఒకేసారి నీటి రోడ్ల మీదికి వస్తాయి. అలాంటప్పుడు పిల్లలను లోపలే ఉంచి, కాస్త టిఫిన్ పెట్టి, క్షేమంగా ఉన్నారని తల్లిదండ్రులకు మెసేజ్ పంపడం మేలు.

బస్సు డ్రైవర్ సంగతి కూడా చెప్పుకోవాలి. నీళ్లు చూసి ఆయన బండి ఆపగానే పది ఫోన్లు వస్తాయి. ‘ఏమయ్యా, ఇంకా రాలేదేంటి? పక్క బడి బస్సు వెళ్లిపోయిందిగా!’ ఈ మాటలు ఆయన్ని ముందుకు నెడతాయి. బస్సు ఆపాలా, వెనక్కి తిప్పాలా అనే నిర్ణయం పూర్తిగా డ్రైవర్‌దేనని యాజమాన్యం చెప్పాలి. మనం ఫోన్ చేస్తే ‘ఆపి మంచి పని చేశావన్నా’ అని చెప్పడానికే చేయాలి.

ఇంత జాగ్రత్తపడినా కారు నీళ్లలో ఆగిపోతే ఆలస్యం చేయకండి. సీటు బెల్టులు తీయించి, అద్దాలు పనిచేస్తుండగానే దించండి. చైల్డ్ లాక్ వేసి ఉంటే వెనుక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు, ఆ సంగతి మరవకండి. నీరు పైకి వచ్చాక ఒత్తిడికి తలుపు కదలదు, కిటికీ ఒక్కటే దారి. అద్దం దిగకపోతే హెడ్‌రెస్ట్ ఊడదీసి దాని ఇనుప కడ్డీతో పక్క అద్దం మూల పగలగొట్టడానికి ప్రయత్నించండి. ముందు అద్దం పగిలినా ఊడిరాదు. పిల్లలను ముందు బయటికి పంపి కారు పైకి ఎక్కించండి, 112కు ఫోన్ చేయండి.

ఈ వారంలో ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. మీ దారిలో నీళ్లు చేరే చోట్లు ఏవి? వాటిని తప్పించే దారి ఏది? ఆ దారీ లేకపోతే పిల్లలు బడిలో ఎంతసేపు ఆగాలి, దగ్గర్లో ఉన్న ఏ స్నేహితుల ఇంటికి వెళ్లాలి? పిల్లలకు కూడా ఒక మాట చెప్పండి: నీళ్లు కనిపించినప్పుడు ‘నాన్నా, ఆగుదాం’ అనే హక్కు వాళ్లకుందని. వాళ్లు అలా అన్న రోజున బండి ఆపండి.