అల్ హిజ్ర్ రాళ్ళ మీద పేర్లున్నాయి, చదివి చెప్పేవాడే లేడు



ఈమధ్య ఉమ్రా ప్యాకేజీల్లో కొత్త ఐటం ఒకటి చేరింది. మక్కా, మదీనా జియారత్‌లు అయ్యాక ‘అల్ ఉలా, మదాయిన్ సాలెహ్ ఎడారి యాత్ర’. మదీనా నుంచి సుమారు మూడొందల ముప్ఫై కిలోమీటర్లు. ఖైబర్ దాకా దారి పక్కన లావా రాళ్ళ నల్లటి హర్రా, తర్వాత ఎర్రటి ఇసుకరాతి కొండలు. చూడాల్సిన చోటే, కాదని నేననను. నా కోపం ఆ బస్సులో మైకు పట్టుకుని మాట్లాడేవాళ్ళ మీద, ‘అక్కడికి పోవడమే గునాహ్’ అని ఇంట్లో కూర్చుని ఫత్వాలు ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీద.

పోయిన ఏడాది మేం కుటుంబంతో వెళ్ళాం. దారి పొడుగునా గైడ్ భాయ్ బయాన్ ఇదీ: ‘ఇవి ఖౌమె సమూద్ ఇళ్ళు. వాళ్ళు తాటిచెట్టంత మనుషులు. అందుకే అంత పెద్ద దర్వాజాలు.’ బస్సంతా సుభానల్లాహ్ అంది. మా అబ్బాయి తొమ్మిదో క్లాసు. వాడు నెమ్మదిగా, ‘అబ్బా, ఇళ్ళయితే వంటిల్లు ఎక్కడ?’ అన్నాడు. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, ‘దీన్ విషయంలో సవాళ్ళు వెయ్యకు బేటా’ అని నోరు మూయించాడు.

ఎందుకు వెయ్యకూడదు? ఆ సవాల్‌కి జవాబ్ ఆ రాళ్ళ మీదే చెక్కి ఉంది.

అల్ హిజ్ర్‌లో ఇవాళ మనం ఫోటోలు తీసుకునే ఆ చెక్కడాలు ఇళ్ళు కావు, మఖ్బరాలు. కట్టింది నబాతీలు, పెట్రా నగరాన్ని రాజధాని చేసుకున్న అరబ్ ఖౌమ్. పెద్ద సమాధులు మొత్తం 111, వాటిలో 94 నగిషీ ఉన్నవి. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, సౌదీ నుంచి ఎక్కిన మొదటి చోటు ఇదే. చాలా సమాధుల వాకిళ్ళ మీద రాతలున్నాయి. ఎవరు కట్టించుకున్నారు, ఎవరెవర్ని పాతిపెట్టొచ్చు, అమ్మితే ఎంత జుర్మానా, ఏ రాజు పాలనలో ఎన్నో ఏట. అవన్నీ హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) కాలానికి కాస్త అటూ ఇటూ, డెబ్బై ఎనభై ఏళ్ళ లోపలివి. నబాతీల ఊరు మైదానం మధ్యలో ఉండేది, మట్టి ఇటుకల ఇళ్ళు. తవ్వితే బయటపడ్డాయి. ఇక దేవుళ్ళంత మనుషుల సంగతి: సమాధి లోపల శవాల కోసం తొలిచిన అరలు మనలాంటివాళ్ళ కొలతకే ఉన్నాయి. వాకిలి ఎత్తు షాన్ కోసం. మన షాదీఖానాల ముందు కట్టే గేటు చూసి లోపల రాక్షసులుంటారని ఎవరైనా అంటారా?

‘అంటే ఖుర్ఆన్ చెప్పింది తప్పంటావా’ అని మీద పడకండి. సమూద్ అనే ఖౌమ్ ఉందని తారీఖ్ కూడా ఒప్పుకుంటుంది. క్రీస్తుకు ముందు ఎనిమిదో శతాబ్దంలో అస్సీరియా రాజు రెండో సర్గోన్ శాసనాల్లో ఆ పేరుంది. తర్వాత తొమ్మిది వందల ఏళ్ళకి, ఈ ప్రాంతంలోనే రువాఫా గుడి రాతలోనూ ఆ పేరుంది. కొండలు తొలిచిన ఖౌమ్ కథని ఖుర్ఆన్ చెప్పింది. ఆ చోటు ఇదేనని హుజూర్ (స) మాటల వల్ల మనకు తెలుసు. కానీ ఇవాళ నిలబడి ఉన్న ప్రతి చెక్కడానికీ ‘సమూద్’ అని బోర్డు తగిలించమని ఖుర్ఆన్ ఎక్కడా చెప్పలేదు. ఆ పని చేసింది గైడ్. గైడ్ గప్పాలని ఈమాన్ లెక్కలో రాసుకుంటే, రేపు పిల్లాడు కాలేజీలో ఓ పుస్తకం తెరిచి సమాధి మీద తేదీ చదివిన రోజు వాడి మనసులో కూలేది గైడ్ మాట ఒక్కటే కాదు. నా భయం అదే.

పైగా అసలు చూపించాల్సినవి చూపించరు. కమ్‌కమ్ అనే ఆవిడ తనకీ తన కూతురికీ కట్టించుకున్న సమాధి ఉంది. దాని రాతలో సమాధి జోలికొచ్చేవాళ్ళని శపిస్తూ అల్లాత్, మనాత్ పేర్లున్నాయి. సూరయె నజ్మ్‌లో మనం చదివే ఆ బుత్‌ల పేర్లే, ఆరొందల ఏళ్ళ ముందు, రాతి మీద! హినత్ అని ఇంకో ఆవిడ తన సమాధి తనే కట్టించుకుంది. అందులో దొరికిన ఓ పుర్రె ఆధారంగా ముఖం తయారుచేసి 2023లో జనానికి చూపించారు. మన ఆడపిల్లలకి చెప్పండి ఇది. ఇస్లాంకి ముందు అరబ్బులంటే ఆడపిల్లల్ని పాతిపెట్టినవాళ్ళు అన్న ఒక్క వాక్యంతో మదరసా పాఠం ముగుస్తుంది. అదీ నిజమే. సొంత పేరుతో ఆస్తి రాయించుకున్న ఆడవాళ్ళూ అదే ఎడారిలో ఉన్నారన్నదీ నిజమే.

రఖూష్ రాత సంగతి ఇంకా అజబ్. క్రీ.శ. 267లో కొడుకు తన అమ్మీ కోసం చెక్కించాడు. ఆవిడ అల్ హిజ్ర్‌లోనే చనిపోయిందని పేరుతో సహా ఉంది. లిపి నబాతీ, జుబాన్ చాలావరకు అరబీ. నబాతీ లిపి మెల్లగా మారుతూ మారుతూ అయిందే ఇవాళ మన ముస్‌హఫ్‌లో ఉన్న ఖత్. అల్ ఉలా దగ్గరే ఇంకో బండ మీద జుహైర్ అనే ఆయన, హజ్రత్ ఉమర్ (రజి) వఫాత్ అయిన కాలంలో హిజ్రీ 24లో తాను రాశానని చెక్కిపోయాడు. అక్షరాలకి కొన్నిచోట్ల నుఖ్తాలు కూడా ఉన్నాయి! అలిఫ్ బే నేర్చుకున్న ప్రతి పిల్లాడికీ ఇది సొంత తాతముత్తాతల జాగీరు. మా బస్సు మాత్రం ఖర్జూరాల దుకాణం దగ్గర గంటన్నర ఆగింది.

ఇప్పుడు రెండో పక్షం. తబూక్ దారిలో, హిజ్రీ 9లో, హుజూర్ (స) ఈ చోటు దాటేటప్పుడు తల కప్పుకుని, సవారీ వేగం పెంచారు. జులుమ్ చేసుకున్నవాళ్ళ నివాసాల్లోకి ఏడుస్తూ తప్ప పోవద్దన్నారు. అక్కడి బావుల నీళ్ళతో కలిపిన పిండి ఒంటెలకి పెట్టించి, హజ్రత్ సాలెహ్ (అలైహిస్సలాం) ఒంటె తాగిన బావి నీళ్ళే తోడుకోమన్నారు. హదీస్ సహీ, తల మీద. దీన్నిబట్టి వెళ్ళడమే కూడదనే ఉలమా ఉన్నారు, ఇబ్రత్ కోసం వెళ్ళొచ్చనేవాళ్ళూ ఉన్నారు. నేను రెండో మాట వైపు. భూమి మీద తిరిగి మునుపటివాళ్ళ అంజామ్ చూడమని ఖుర్ఆన్ ఎన్నిసార్లు చెప్పింది? ఇంట్లో పరుపు మీద పడుకుని చూడమనలేదు.

కానీ వెళ్ళొచ్చనేవాళ్ళు ఆ ‘ఏడుస్తూ’ అన్న షరతుని మింగేస్తున్నారు. ఖస్రుల్ ఫరీద్ ముందు గొడుగు పట్టుకుని రీల్స్, పిల్లలకి చిప్స్ ప్యాకెట్లు, ‘ఖాలా ఇటు చూడు’ కేకలు. కబరస్తాన్‌లో ఇలా చేస్తామా? అక్కడి సర్కారు సంగతీ అంతే. అద్దాల హాల్ కట్టి సంగీత కచేరీలు పెట్టింది. వారసత్వం కాపాడుతున్నామంటోంది. 2002లో మక్కాలో ఉస్మానీల అజ్యాద్ కోటని నేలమట్టం చేసి హోటళ్ళు లేపినప్పుడు ఈ వారసత్వ ప్రేమ ఎక్కడికి పోయిందో!

మదాయిన్ సాలెహ్‌లో హిజాజ్ రైల్వే స్టేషన్ కూడా ఉంది. 1908లో రైలు మదీనా చేరింది. దాని చందాల్లో హిందుస్తాన్ ముస్లిముల పైసలు ఉన్నాయి. మా గైడ్‌కి అది ‘పాత టర్కీ బిల్డింగ్’. వాష్‌రూమ్ ఎటువైపో మాత్రం చక్కగా చెప్పాడు.

అల్ హిజ్ర్ లోపలికి సొంత బండి వదలరు. టికెట్ కొని వాళ్ళ బస్సులో, రావీ అనే అక్కడి మనిషితో తిరగాలి. ఆ రావీల్లో చదువుకున్న పిల్లలున్నారు, రాతలు చూపించమని అడిగితే చూపిస్తారు. మా రావీ ఓ సౌదీ అమ్మాయి. మావాడు అదే వంటింటి ప్రశ్న ఇంగ్లీషులో అడిగితే నవ్వి, సమాధి తలుపు మీది గీతల్ని వేలితో గాలిలో రాసి చూపించింది. మన ఆపరేటర్లు మాత్రం టైమ్ లేదని ఆ టికెట్టే తీయకుండా, బయట రోడ్డు మీంచే కొండ చూపించి ‘జియారత్ ముకమ్మల్’ అనే ప్యాకేజీలు అమ్ముతున్నారు. డబ్బు కట్టే ముందు అడగండి: లోపలి టికెట్ ఉందా, ఎన్ని గంటలు, రావీతో మాట్లాడే అవకాశం ఉందా, జుహైర్ రాత దాకా తీసుకెళ్తారా? ‘ఆయనెవరు’ అని వాడంటే అడ్వాన్స్ ఇవ్వకండి.