జర్మనీ వేషం సరే, జర్మనీ న్యాయం ఏదండీ?

"అది బార్ కాదే, ఫ్యామిలీ ప్లేస్!" ఈ మధ్య హైదరాబాదులో మన ఇళ్లల్లో తెగ వినపడుతున్న మాట ఇది. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, అమెరికా నుంచి వచ్చిన మరిదిగారికి విందు, అన్నీ అక్కడే. జర్మనీ తరహా మైక్రోబ్రూవరీ అట. గాజు గోడ వెనక నిగనిగలాడే రాగి ట్యాంకులు, పొడుగాటి చెక్క బల్లలు, నీలం తెలుపు గళ్ల తోరణాలు, వడ్డించే అమ్మాయిలకి బవేరియా పల్లెటూరి గౌన్లు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను.

వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. తాగేవాళ్లని తిట్టడానికీ కాదు. పెద్దవాళ్లు, వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. నా గొడవల్లా ఆ "ఫ్యామిలీ" అన్న మాటతోనే. ఆ ఫ్యామిలీలో తాగని మనిషికి ఏం దక్కుతోందో ఒక్కసారి లెక్క చూద్దాం. లెక్కలు చూడ్డం మనకి అలవాటేగా!

మొన్నామధ్య మేం తొమ్మిది మందిమి వెళ్లాం. తాగేవాళ్లు నలుగురు. మిగిలిన ఐదుగురిలో మా అత్తగారు, నేను, తోటికోడలు, ఇద్దరు పిల్లలు. మంచినీళ్లు అడిగితే సీసా మూత తీసి మరీ పెట్టారు, దానికి బిల్లు. నిమ్మరసం సోడా ధర చిన్న గ్లాసు బీరు ధరకి సమానం. పుచ్చకాయ రసానికి ఏదో ఇంగ్లీషు పేరు తగిలించి అంతకంటే ఎక్కువ. పెరుగన్నం లేదు. మూడు గంటల్లో మా అత్తగారు తిన్నది వేయించిన బంగాళదుంప ముక్కలు. ఆ పాటల హోరులో ఆవిడ మాట ఎవరికీ వినపడలేదు, ఎవరి మాటా ఆవిడకి వినపడలేదు.

ఇదేమిటని అడిగితే రెడీగా ఒక జవాబుంటుంది. "జర్మనీలో ఇంతే, అది వాళ్ల కల్చర్." అలాగా? అయితే రండి, జర్మనీకే వెళ్దాం.

జర్మనీ హోటళ్ల చట్టంలో ఒక నియమం ఉంది. మద్యం అమ్మే చోట, మద్యం లేని పానీయం కనీసం ఒక్కటైనా, అక్కడి అన్నిటికంటే చవక మద్యం ధరకి మించకుండా అమ్మాలి. గ్లాసు చిన్నది చేసి మోసం చేయడానికీ వీల్లేదు, లీటరు లెక్కన పోలుస్తారు. అక్కడి వాళ్లు దాన్ని సరదాగా ఆపిల్ రసం చట్టం అంటారు. తాగనివాడు డబ్బుల కోసం తాగే పరిస్థితి రాకూడదని ఆ ఏర్పాటు. రాగి ట్యాంకులు పట్టుకొచ్చినవాళ్లకి ఇది మాత్రం ఎందుకు కనపడలేదో!

ఇంకొకటి. బవేరియాలో చెట్ల కింద బల్లలు వేసి బీరు పోసే తోటలుంటాయి. 1812లో అక్కడి రాజు, బీరు తయారుచేసేవాళ్లు తమ తోటల్లో బీరు అమ్ముకోవచ్చు గానీ భోజనం అమ్మకూడదని ఆజ్ఞ ఇచ్చాడు, చుట్టుపక్కల పూటకూళ్లవాళ్ల పొట్ట కొట్టకూడదని. దాంతో జనం ఇంటి దగ్గర్నుంచే తిండి కట్టుకుని వెళ్లడం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ ఆ తోటల్లో అది హక్కే. గుడ్డ పరవని బల్ల చూసుకుని, ఇంటినుంచి తెచ్చిన రొట్టె, ముల్లంగి, చీజ్ విప్పుకుని తింటారు. తాగేది మాత్రం అక్కడే కొనాలి. అమ్మమ్మలు, మనవలు, అందరూ కూర్చుంటారు. దాన్నంటారు ఫ్యామిలీ ప్లేస్ అని. మన దగ్గర పసిపిల్ల కోసం తెచ్చిన ఇడ్లీ డబ్బా గుమ్మం దగ్గరే తీయించేస్తారు.

మెనూ కార్డు మొదటి పేజీలో 1516 నాటి శాసనం కథ మాత్రం తప్పకుండా ఉంటుంది. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ కలపకూడదని బవేరియా ప్రభువులు చేసిన కట్టడి. రెండో పేజీ తిప్పితే మామిడిపండు బీరు! అదే శాసనంలో బీరు ఇంత ధరకి మించి అమ్మకూడదని కూడా ఉంది. ఆ ముక్క ఏ పేజీలోనూ ఉండదు. తమకి లాభం ఉన్నదే కల్చరు, మిగతాది చరిత్ర.

ఇక రెండో వాదన, "బీరే కదా!" కాస్త లెక్క వేయండి. అర లీటరు బీరు, 5 శాతం ఆల్కహాలు అనుకుంటే, అందులో 25 మిల్లీలీటర్ల ఆల్కహాలు. 60 మిల్లీలీటర్ల విస్కీ లార్జ్ పెగ్గులోనూ దాదాపు అంతే. "రెండు గ్లాసులేగా" అంటే రెండు లార్జ్ పెగ్గులన్నమాట. ఆ తర్వాత కారు తాళాలు ఎవరి చేతికి? మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. అందుకే "నీకు డ్రైవింగ్ వచ్చుగా" అని మనకిస్తారు. మనకి డ్రైవింగ్ నేర్పించింది స్వేచ్ఛ కోసం అనుకున్నాం కదూ!

"అంత బాధైతే రావడం మానెయ్" అనే మగమహారాజులూ ఉన్నారు. ఎందుకు మానాలండీ? ఆ పెళ్లిరోజు నాది కూడా. ఆ అమెరికా మరిది రెండేళ్లకోసారి వస్తాడు, వాళ్లమ్మ అతనితో నాలుగు మాటలు మాట్లాడుకోవాలి. మనం రావడం మానేస్తే అది మగవాళ్ల పార్టీ అవుతుంది. మనం వస్తే మన మొహం చూపించి ఫ్యామిలీ అని బోర్డు పెట్టుకుంటారు. రెండు రకాలుగానూ నష్టం మనకే.

ఇంకో మాట, ఇది మనకి మనమే చెప్పుకోవాల్సింది. పనమ్మాయి మొగుడు బెల్టు షాపులో తాగొస్తే "తాగుబోతు" అంటాం. మనింట్లో తాగితే "సోషల్ డ్రింకింగ్" అంటాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. రెండేళ్లకే దాన్ని ఎత్తేశారు. వాళ్లు అడిగింది బీరు వద్దని కాదు, కల్చరు వద్దనీ కాదు. ఇంటి డబ్బు ఎటు పోతోంది, ఇంట్లో మా మాటకి విలువేమిటి అని. ఏసీ హాల్లో కూర్చున్నంత మాత్రాన ఆ ప్రశ్న పాతబడిపోదు.

కాబట్టి ఈసారి "అక్కడ టేబుల్ బుక్ చేశాను" అన్న మాట వినపడగానే నాలుగు ప్రశ్నలు అడగండి. మంచినీళ్లు ఊరికే ఇస్తారా? తాగనివాళ్లకి బీరు కంటే చవగ్గా ఏదైనా ఉందా? పెద్దావిడ తినగలిగేది ఏముంది? తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లోనేనా? హోటలుకి ఫోన్ చేసి మీరే అడగండి, మొహమాటపడకండి. పదిమంది ఆడవాళ్లు అడిగితే పదకొండో ఫోనుకి వాళ్ల దగ్గర జవాబు తయారుగా ఉంటుంది.

నాలుగిట్లో రెండింటికైనా సరైన జవాబు రాకపోతే, అది బారే. వెళ్లాలనుకునే మగవాళ్లు హాయిగా వెళ్లి రమ్మనండి. బోర్డు మీద మన పేరు మాత్రం తీసేయమనండి.