కేతకికి చోటిచ్చిన సన్నిధిలో విద్యార్థికి చోటు లేదా?

జహీరాబాదు సమీపమున ఝరాసంగంలో వెలసిన శ్రీ కేతకీ సంగమేశ్వరస్వామి క్షేత్రమునకు ఒక విశేషము కలదు. శివపూజకు మొగలిపువ్వు నిషిద్ధమని లోకప్రసిద్ధి. బ్రహ్మ పక్షమున అసత్యసాక్ష్యము పలికి అది శాపగ్రస్తమైనదని పురాణగాథ. అట్టి కేతకినే ఈ స్వామి తన నామమున ధరించి, పూజలో స్వీకరించుచున్నాడు. వ్యాధిపీడితుడైన కుపేంద్ర మహారాజు ఇచ్చటి జలమున స్నానమాడి స్వస్థుడైనాడని స్థలపురాణము. అన్యత్ర త్రోసివేయబడిన పుష్పమునకును, రోగార్తునకును ఆశ్రయమైన క్షేత్రమిది.

పరీక్షలు సమీపించినంతనే తెలుగునాట ఆలయములలో హాల్‌టికెట్లు, కలములు స్వామి పాదముల చెంతకు చేరును. సరస్వతీ హోమములు జరుగును. అందు దోషము లేదు. కాని ఫలితములు వెలువడిన పిదప అదే విద్యార్థి నిద్ర పట్టక, అన్నము సహింపక, తలుపు మూసికొని కూర్చున్నప్పుడు ఆస్తికులు పలుకుచున్నదేమి? "అంతయు ప్రారబ్ధము. భక్తి చాలలేదు. మనస్సు దుర్బలము. ప్రదక్షిణములు చేయించిన చాలును. మానసిక వైద్యుని వద్దకు పోయినచో పిచ్చివాడని పేరు వచ్చును." ఈ మాటలు శాస్త్రము పేరిట చెలామణి అగుచున్నవి. ఇవి శాస్త్రము కావు, శాస్త్రమునకు అపచారము.

పూర్వపక్షి వెంటనే గీతను ముందుకు తెచ్చును. కుంగిన అర్జునుని భగవానుడు పిరికితనము వలదని మందలింపలేదా? మందలించినాడు. ఆ మందలింపు రెండు శ్లోకముల పర్యంతమే. దానివలన అర్జునుడు లేచెనా? లేదు, యుద్ధము చేయనని పలికి మౌనము వహించెను. అప్పుడు గదా స్వామి మందహాసముతో అసలు ఉపదేశము నారంభించినది! పదునెనిమిదవ అధ్యాయము వరకు ప్రశ్నకు ప్రశ్నగా సమాధానమిచ్చి, తుదకు చక్కగా విచారించి నీ ఇష్టప్రకారము చేయుమన్నాడు. రెండు శ్లోకముల గద్దింపును మాత్రము కంఠస్థము చేసి, తక్కిన ఉపదేశమునందలి ఓర్పును విడిచిన వారు గీతను చదివినట్లా?

ఇక వైద్యము మాట. చరకసంహిత సూత్రస్థానము చికిత్సను త్రివిధముగా విభజించినది: మంత్ర హోమాదులతో కూడిన దైవవ్యపాశ్రయము, ఆహార ఔషధములతో కూడిన యుక్తివ్యపాశ్రయము, మనస్సును అహితము నుండి మరల్చు సత్త్వావజయము. మూడింటిలో ఒక్కదానినే పట్టుకొని తక్కిన రెండింటిని నిందించుట ఏ ఋషి సమ్మతము? గుండెనొప్పి వచ్చినచో ప్రారబ్ధమని ఊరకుండక అంబులెన్సులో హైదరాబాదుకు పరుగెత్తు గృహస్థుడు, బిడ్డ మనోవ్యథకు మాత్రము కర్మసిద్ధాంతమును వల్లించుట ధర్మమా? కర్మసిద్ధాంతము తన దుఃఖమును తాను సహించుటకు ఉపకరించును. పరుని దుఃఖము నుండి తప్పించుకొనుటకు కాదు.

2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినవి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్న మార్కులని ప్రకటించిరి. మరల పరిశీలింపగా ఆమెకు వచ్చినవి 99. ఇట్టి దోషములు బయటపడుచుండగనే, ఆ ఫలితముల అనంతరము 20కి పైగా విద్యార్థులు ప్రాణత్యాగము చేసిరి. ఆ సున్న ఏ పూర్వజన్మ పాపఫలము? మనుష్యుల అజాగ్రత్తకు ప్రారబ్ధమని పేరు పెట్టుట దైవమును నిందించుటయే. సరియైన మార్కులే వచ్చి బిడ్డ తప్పినచో మాత్రమేమి? పరీక్ష తప్పుట పాపమని ఏ స్మృతియు చెప్పలేదు. జాతీయ నేర గణాంకముల ప్రకారము 2022 ఒక్క సంవత్సరముననే దేశమున 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొన్నారు. ఇంతమందికీ భక్తి లోపించెననుట క్రూరత్వము.

కళాశాలల వారును తప్పించుకొనజాలరు. మితాహారము, మితనిద్ర లేనివానికి యోగము సిద్ధింపదని గీత చెప్పుచుండగా, నిద్రను హరించి, ఆటస్థలమును మూసి, ఒక్క ర్యాంకు పొందినవాని ఛాయాచిత్రమును వీధి వీధిన వ్రేలాడదీయుట విద్యాదానమా? ఉపనిషత్ శాంతిపాఠమున గురుశిష్యులిరువురకును రక్షణ కోరబడినది, ర్యాంకు కోరబడలేదు. విశాఖపట్నమున మరణించిన ఒక విద్యార్థిని విషయమున సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన తీర్పులో, 100 లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హుడైన కౌన్సిలరును నియమింపవలెనని ఆదేశించినది. జహీరాబాదులో గాని, మరే పట్టణమున గాని, రుసుము చెల్లించు తల్లిదండ్రులలో ఎందరు "మీ కౌన్సిలరు ఎవరు?" అని అడుగుచున్నారు?

కర్తవ్యము స్పష్టము. హాల్‌టికెట్టుకు పూజ చేసిన ఆలయము ఫలితముల నాడును ఆ బిడ్డను పేరు పెట్టి పలుకరింపవలెను. అర్చకుడు తీర్థప్రసాదములిచ్చి, "నాయనా, వైద్యుని కూడ చూడుము, అదియు స్వామి అనుగ్రహమే" అని చెప్పవలెను. 2022 నుండి కేంద్రప్రభుత్వము నడుపుచున్న టెలీ మానస్ సహాయవాణి సంఖ్య 14416ను పూజావేళల పట్టిక ప్రక్కనే వ్రాయింపవలెను. అది ఉచితము, అహోరాత్రములు పనిచేయును, తెలుగులో మాటాడవచ్చును. తల్లిదండ్రులు మార్కుల కంటె ముందుగా బిడ్డ తినినదా, నిద్రించినదా అని విచారింపవలెను.

శాపము పొందిన పువ్వును శిరసున ధరించిన స్వామి, పరీక్ష తప్పిన పసివానిని వెలివేయడు. వెలివేయుచున్నవారు ఆయన భక్తులమని చెప్పుకొనుచున్నవారే. వారు మారవలెను. స్వస్తి.