వెండిలా మెరిసే చక్రాలు: ఏది ఎంచుకోవాలి?

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో గయోలె అనే చిన్న వూరు వుంది. 1997లో అక్కడ ఒక సైకిలు యాత్ర మొదలయింది. దాని పేరు ఎరోయికా. ఇది పందెం కాదు. ఎవరు ముందు వచ్చారన్న లెక్క లేదు. కాని సైకిలు మాత్రం 1987 నాటిదో, అంతకు ముందుదో, లేదా ఆ కాలపు పద్ధతిలో కట్టినదో అయివుండాలి. గేరు మార్చే మీటలు హ్యాండిలు మీద కాక ఫ్రేము కింది గొట్టం మీద వుండాలి. బ్రేకు తీగలు హ్యాండిలు బయట కనబడుతూ రావాలి. చక్రానికి స్పోకులు 32కు తగ్గకూడదు. అలాంటి సైకిళ్ల మీద వేలమంది తెల్లని కంకర దుమ్ములో తొక్కుకుంటూ పోతారు. ఇదేం సరదా అని మీకు అనిపించవచ్చు. ఎవరి సరదా వారిది!

ఇలాంటి పాత తరహా రేసు సైకిలును ముచ్చటపడి కట్టుకునేవారు ఐరోపాలో, అమెరికాలో చాలామంది వున్నారు. మన దేశంలోనూ అక్కడక్కడా కనబడుతున్నారు. పాత ఉక్కు ఫ్రేము ఒకటి సంపాదిస్తారు, రంగు వేయిస్తారు. ఆ తరువాత, చక్రాలు ఏవి వేయాలి అన్న ప్రశ్న వస్తుంది. దాదాపు అందరూ "వెండి రంగువి" అనే అంటారు. ఎందుకని అడిగితే "అందం" అంటారు. ఆ జవాబు సరైనదే కాని కారణం సరిపోదని నా అభిప్రాయం. పైకి కనబడే వెండి రంగు ఒక్కటే అయినా, దాని వెనుక వున్న లోహం ఒక్కటి కాదు. బ్రేకు రబ్బరు పట్టుకునేది రంగును కాదు, ఆ లోహాన్ని.

మెరిసే రిమ్ములు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఉక్కు రిమ్ము. దాని మీద నికెలు పూత, నికెలు మీద మరీ పలుచని క్రోమియం పూత వుంటాయి. మెరుపులో ఎక్కువ పాలు నికెలుదే. అది మాసిపోకుండా కాపాడేది క్రోమియం. రెండవది అల్యూమినియం మిశ్రలోహపు రిమ్ము. దాని రంగు దాని సొంత రంగే. ఏది ఏదో తెలియాలంటే ఒక అయస్కాంతం చాలు. ఉక్కుకు ఠక్కున అంటుకుంటుంది, అల్యూమినియం మీద నిలవక జారిపోతుంది. మీ ఇంట్లో, మీ వీధిలో వున్న సైకిళ్లన్నిటి మీదా ఈ పరీక్ష చేసి చూడండి. రాడ్డు బ్రేకుల పెద్ద సైకిళ్లకు దాదాపు అన్నిటికీ క్రోము ఉక్కు రిమ్ములే వుంటాయి.

రేసు సైకిళ్లకు ఒకప్పుడు చెక్క రిమ్ములు వుండేవి. 1934లో ఫ్రెంచి వీరుడు ఆంటొనిన్ మాన్య్ టూర్ ద ఫ్రాన్స్ పందెంలో డ్యురాల్యుమిన్ రిమ్ముల మీద పరుగెత్తి గెలిచాడు. వాటిని చేసినది మావిక్ అనే కంపెనీ. డ్యురాల్యుమిన్ అంటే నూటికి సుమారు నాలుగు పాళ్లు రాగి, మరికొంత మెగ్నీషియం, మాంగనీసు కలిసిన అల్యూమినియం. జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 20వ శతాబ్ది తొలి ఏళ్లలో దీనిని కనిపెట్టాడు. తోటి పోటీదార్లు గుర్తుపట్టకుండా ఆ రిమ్ములకు చెక్కలా కనబడే రంగు వేశారట! ఆనాడు రంగు వేసి దాచిన ఆ లోహం మెరుపు కోసమే ఈనాడు జనం దుకాణాలు వెతుకుతున్నారు.

"అల్యూమినియం తేలిక, అందుకే మేలు" అని సైకిలు ప్రియులు గట్టిగా వాదిస్తారు. లెక్క వేసి చూద్దాం. దొర్లే చక్రంలో రిమ్ము ముందుకూ పోతుంది, గుండ్రంగానూ తిరుగుతుంది. దాని ద్రవ్యరాశి అంతా అంచునే వున్నది కనుక ఈ రెండు చలనాలకూ సమానంగా శక్తి పడుతుంది. అంటే సీటు దగ్గర వున్న ఒక గ్రాముకు కావలసిన గతిజశక్తికి రెట్టింపు, రిమ్ములోని గ్రాముకు కావాలి. ఇంతవరకు వారి మాట నిజమే. ఇప్పుడు ఉక్కు రిమ్ము 900 గ్రాములు, అల్యూమినియం రిమ్ము 500 గ్రాములు అనుకోండి. రెండు చక్రాలకు కలిపి తేడా 800 గ్రాములు. సెకనుకు 6 మీటర్ల వేగం అందుకోవడానికి ఈ తేడా అడిగే శక్తి 0.8 × 6 × 6, అంటే సుమారు 29 జౌళ్లు. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలుంటే ఆ వేగంలో వారి గతిజశక్తి ½ × 80 × 6 × 6, అంటే 1440 జౌళ్లు. నూటికి రెండు పాళ్లు మాత్రమే తేడా! పందెంలో నెగ్గేవాడికి అది కావాలేమో. బడికి వెళ్లివచ్చేవాడు దీనికోసం వేలకు వేలు పోయనక్కరలేదు.

అసలు తేడా వాన పడినప్పుడు తెలుస్తుంది. క్రోము పూత గట్టిగా, అద్దంలా నున్నగా వుంటుంది. తడిసినప్పుడు దానికీ బ్రేకు రబ్బరుకూ మధ్య పలుచని నీటి పొర నిలుస్తుంది. రబ్బరు ఆ నీటిని తుడిచి లోహాన్ని పట్టుకునేలోగా చక్రం ఎన్నో చుట్లు తిరిగిపోతుంది. అప్పటికి మలుపు దగ్గర లారీ వచ్చి వుండవచ్చు. అల్యూమినియం మెత్తని లోహం. రాపిడికి దాని ముఖం సన్నగా గరుకుదేరి, నీరు త్వరగా తొలగుతుంది. తడిలో దాని పట్టూ తగ్గుతుంది కాని, క్రోముకు తగ్గినంతగా తగ్గదు. ఇంకొక లాభం కూడా వుంది. అల్యూమినియం ఉక్కుకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఘాటు రోడ్డు మీద ఆగకుండా బ్రేకు పట్టి దిగేటప్పుడు పుట్టే వేడి ఒకచోట నిలవక రిమ్మంతా పరచుకుని గాలిలో కలిసిపోతుంది.

నా మాట నమ్మనక్కరలేదు, మీరే చూడండి. సైకిలును తలకిందులుగా నిలపండి. పది సెకన్లలో పది చుట్లు వచ్చేలా పెడలు తిప్పి, వదిలి, వెనుక బ్రేకును మెల్లగా పట్టండి. ట్యూబు మొలను గుర్తుగా పెట్టుకుని, చక్రం ఎన్ని చుట్లలో ఆగిందో లెక్కపెట్టండి. తరువాత రిమ్ము మీద చెంబుతో నీళ్లు పోస్తూ అదే వేగంతో, అదే పట్టుతో మళ్లీ చేయండి. అయిదేసి సార్లు చేసి సగటు తీయండి. వేళ్లు స్పోకుల దగ్గరకు పోనివ్వకండి. చిన్నవాళ్లు పెద్దల ఎదుట చేయాలి.

మరి నల్ల రిమ్ముల సంగతి? అల్యూమినియం మీద గాలి తగలగానే ఆక్సైడు పొర దానంతటదే ఏర్పడుతుంది. విద్యుత్తుతో ఆ పొరను మందం చేయడాన్ని అనోడైజింగ్ అంటారు. ఆ పొర పారదర్శకం కనుక లోపలి వెండి రంగు కనబడుతూనే వుంటుంది. పొరలోని సన్నని రంధ్రాలలోకి నల్లరంగు ఎక్కిస్తే నల్ల రిమ్ము తయారవుతుంది. పొరను ఇంకా మందంగా, గట్టిగా పెంచితే ముదురు బూడిదరంగు వస్తుంది. మీ వంటింట్లో హార్డ్ అనోడైజ్డ్ కుక్కరు వుంటే దానిమీద వున్నది ఇలాంటి పొరే. 1980లలో ఇలాంటి బూడిదరంగు రిమ్ములు రేసు సైకిళ్లకు గొప్ప ఫ్యాషను. చక్రాల మీద 1981లో ఒక పుస్తకం రాసిన అమెరికా ఇంజనీరు జాబ్స్ట్ బ్రాండ్ట్ మాత్రం వాటిని ఒప్పుకోలేదు. ఆ పొర పెళుసు, వేడిని సరిగా పోనివ్వదు అని వాదించాడు. రిమ్మును పట్టే బ్రేకులయితే నల్లరంగు ఎలాగూ కొన్నాళ్లకు చారలు చారలుగా చెరిగిపోతుంది. వెండి రంగు రిమ్ముకు ఆ బాధ లేదు. అరిగినా లోపలా అదే రంగు. అందుకే నా ఓటు వెండి రంగు అల్యూమినియానికి, అందులోనూ బ్రేకు రుద్దే అంచు పూత లేకుండా నున్నగా చెక్కినదానికి.

పాత ఉక్కు రిమ్ములకే మళ్లీ క్రోము పూత పోయించుకుంటామనేవారూ వున్నారు. తాత వాడిన సైకిలు మీద మమకారం నాకు అర్థమవుతుంది. కాని అలంకార పూతకు ఎక్కువగా వాడుతూ వచ్చిన షట్సంయోజక క్రోమియం క్యాన్సర్ కారకం. చిన్న పూత షాపుల్లో తొట్టెల మీద వంగి పనిచేసేవారు ఆ ఆవిరి పీలుస్తారు, కడిగిన నీరు కాలువలో పడుతుంది. మన సైకిలు మెరుపుకు వాళ్ల వూపిరితిత్తులు ఖర్చు కావడం నాకు నచ్చదు. తుప్పు పట్టిన క్రోము రిమ్మును నూనె గుడ్డతో తుడిచి, ప్రదర్శనకు వుంచుకుంటే చాలు.

కొనేముందు కొలవడం మరవకండి. అంగుళాల పేర్లు మోసం చేస్తాయి. టైరు అంచు కూర్చునే వ్యాసం మిల్లీమీటర్లలో టైరు మీదనే రాసి వుంటుంది. 700సి అనే రేసు చక్రానికి అది 622. పాత 27 అంగుళాల దానికి 630. మన పెద్ద సైకిలు 28 × 1½కు 635. పేరులో 27 కన్నా 28 పెద్దదే కదా అనుకుంటే, 28 × 1⅝ అనే పాత టైరుకూ 622నే! 630 తీసి 622 వేస్తే బ్రేకు రబ్బరును 4 మిల్లీమీటర్లు కిందికి దించాలి. బ్రేకు చేతికి అంత సందు వుందా లేదా ముందే చూడాలి. లేకపోతే రబ్బరు టైరును కోస్తుంది. వెనుక హబ్బు వెడల్పు కూడా కాలాన్నిబట్టి మారింది. అయిదు గేర్లనాడు 120 మిల్లీమీటర్లు, ఆరేడు గేర్లనాడు 126, ఆ తరువాత 130.

పాత అల్యూమినియం రిమ్ము దొరికితే సంతోషించి వెంటనే బిగించవద్దు. బ్రేకు రుద్దే ముఖం మీద ఉక్కు స్కేలును అడ్డంగా ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. కింద వెలుగు సందు కనబడితే అక్కడ లోహం అరిగి గుంటపడిందన్నమాట. బ్రేకు పడిన ప్రతిసారీ కొంచెం కొంచెం పలుచబడుతూ వచ్చిన ఆ గోడ, టైరులో గాలి ఒత్తిడికి ఒకనాడు హఠాత్తుగా చీలుతుంది. ఆ రిమ్మును పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేయండి. హబ్బు బాగుంటే మాత్రం విప్పి దాచుకోండి, కొత్త రిమ్ముకు పనికివస్తుంది.