రెండు తీగల విమానం

పిల్లలూ! గాలిపటాన్ని దారంతో ఆడిస్తారు గదా. విమానాన్ని తీగలతో ఆడించటం చూశారా? మనిషి నేలమీద నిలబడి తిరుగుతూ ఉంటే, చిన్న ఇంజను గల నమూనా విమానం అతని చుట్టూ ఎగురుతుంది. చేతిలో పిడి, పిడి నుంచి విమానానికి రెండు సన్నని ఉక్కు తీగలు. పిడిని పైకి వంచితే, తీగ లాగుడుకు రెక్కలోని మీట కదిలి, తోక పలకను పైకి లేపుతుంది. విమానం ముక్కెత్తుతుంది. తీగలు సడలాయో, ఇక విమానం మాట వినదు!

అమెరికాలో జార్జి ఆల్డ్రిచ్ 1950 ప్రాంతంలో ఇటువంటి విమానం ఒకటి రూపొందించాడు. పేరు నోబ్లర్. రెక్కల పొడవు సుమారు 50 అంగుళాలు. నేటికీ దాన్ని కట్టి పల్టీలు కొట్టించేవారున్నారు.

ఇందులో ఒక తమాషా ఉన్నది. తోక పలక పైకి లేచినప్పుడు, రెక్కల వెనక అంచున ఉన్న పలకలు కిందికి వంగుతాయి. ఇదేం తిరకాసు అంటారా? తోక పలక విమానం ముక్కును తిప్పుతుంది. కాని ముక్కు తిరిగితే చాలదు, విమానమంతా ఆ వైపుకు మళ్ళాలి. అందుకు రెక్కలకు ఎత్తే బలం ఎక్కువ కావాలి. వంగిన పలకలు ఆ బలాన్ని ఇస్తాయి. విమానం బరువెక్కినకొద్దీ ఆ బలం చాలదు.

మా మనుమడు నోబ్లర్ కట్టినప్పుడు, నిగనిగలాడాలని రంగు మీద రంగు వేయించినవాణ్ణి నేనే. పల్టీ కొట్టి దిగుతూ, కింద మలుపు అందక నేలను గుద్దుకున్నది. మూడు నెలల పని! వాడు నన్నేమీ అనలేదు. మళ్ళీ కడుతున్నాడు. ఈసారి కుంచె నాకివ్వలేదు, త్రాసు ఇచ్చాడు.