టేపు మాత్రమే దాచిన వారి సంగతి

1976లో అంగారకునిపై దిగిన వైకింగు నౌకలు, అచటి మట్టియందు జీవము కలదా యని పరీక్షించి పంపిన ఫలితములను, ఇరువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట మరల పరిశీలింపగోరి, 1999లో జోసెఫ్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు నాసాను అడుగగా, అయస్కాంతపు టేపులు దొరకినవి గాని, వానిపై సమాచారమును ఏ క్రమమున అమర్చిరో చెప్పగలవారు దొరకలేదు. తుదకు అక్కరకు వచ్చినవి నాటి పరిశోధకులు పారవేయక దాచుకొనిన కాగితపు ప్రతులు!

టేపును భద్రపరచితిమి గనుక సమాచారమును భద్రపరచితిమనుకొనుట భ్రమ. 1952లో ఐబీఎం 726 యంత్రముతో వచ్చిన అరయంగుళపు టేపుపై ఏడు జాడలుండెను: అక్షరమునకు ఆరు బిట్లు, తప్పు పట్టుటకు పారిటీ బిట్టొకటి. 1964లో ప్రకటింపబడిన సిస్టమ్ 360 యంత్రములకు జాడలు తొమ్మిదైనవి. టేపు వెడల్పు మాత్రము మారలేదు. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచినచో కంటికి భేదమేమియు గోచరింపదు. ఏడు జాడల హెడ్డు తొమ్మిది జాడల టేపును చదువజాలదు. తొమ్మిది జాడలలోనైనను అంగుళమునకు 800 బైట్లా, 1600 బైట్లా, 6250 బైట్లా యన్నది వేరు ప్రశ్న. ఈ చిక్కులన్నియు దాటి అంకెలను రాబట్టినను, ఆంగ్లమున మొదటి పెద్దక్షరము ఈబీసీడిక్ సంకేతమున 193, ఆస్కీ సంకేతమున 65 అగుటచే, ఏ సంకేతమో తెలుపు చీటి లేనిదే చీకటిలో తడవులాడవలసినదే. (ఇంత శ్రమకును 2400 అడుగుల రీలొకటి యిచ్చునది పదునెనిమిది కోట్ల బైట్లకు లోపే, నేటి పెండ్లి వీడియోలో కొన్ని నిమిషములు.)

జిగురు తేమ పీల్చి బంకగా మారిన టేపులను, ఓవెనులో మందోష్ణమున కొన్ని గంటలు వెచ్చబెట్టి, తాత్కాలికముగా చదువుట సాధ్యమే. తుక్కునకు అమ్మిన యంత్రమునకు అట్టి చికిత్స లేదు. కనుక దస్త్రశాలల వారు టేపుల గదిని చల్లబరచుటకై వెచ్చించు ధనమున కొంత, పాత డ్రైవునకును, దాని విడిభాగములకును, దానిని నడపనేర్చిన మనిషి జీతమునకును కేటాయింపవలెనని నా యభిప్రాయము. క్రొత్త మాధ్యమమునకు ఎక్కించితిమి, ఇక పాతదేల యనువారు, ఎక్కించునపుడు దొరలిన తప్పును దేనితో సరిచూతురు?

1966–67లో లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చంద్రచిత్రముల టేపులు (అవి కంప్యూటరు టేపులు కావు, చిత్రసంకేతములవి), నాసా దస్త్రముల పరిరక్షకురాలగు నాన్సీ ఎవాన్స్ ఆంపెక్స్ ఎఫ్‌ఆర్-900 యంత్రములను తన యింటి గ్యారేజీలో ఏండ్ల తరబడి దాచియుండకపోయినచో, మూగవై యుండెడివి. 2008లో ఆ యంత్రములను బాగుచేసి, నాసా వారి ఏమ్స్ కేంద్రమున మూతబడిన మెక్‌డొనాల్డ్స్ భోజనశాలలో నడుపగా, చంద్రుని అంచుపై భూమి కనుపించు 1966 ఆగస్టు 23 నాటి చిత్రము, మునుపెన్నడును కానరాని స్పష్టతతో వెలువడినది.