మగ్గము చెంత కచేరి

ధర్మవరమున పట్టుచీర నేయువానికి చేతులు, కన్నులు పనిలోనుండును. చెవులకు మాత్రము తీరిక. రేడియో సంగీతమునకు ఇంతకంటె తగిన శ్రోత యెవరు? సభకు పోవలెనన్న పూటకూలి వదులుకొనవలసిన వాని యింటికి కచేరియే నడచి వచ్చుచున్నది.

వచ్చినంత మాత్రమున విందురా? 1952లో కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు కుదించి, శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసెను. జనులు సిలోన్ రేడియో వైపు తిరిగిరి. 1957లో వివిధభారతి పుట్టక తప్పినది కాదు. తప్పు సంగీతమునది కాదు. చెవికి ముందుగా అలవాటు చేయలేదు.

ఆ పని బడిది. ఈ సీమకు సంగీతము పరాయిది కాదు. నాటి అనంతపురము జిల్లా పల్లెలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మైసూరులో తెలుగు పాఠములు చెప్పి, పిమ్మట తిరుపతిలో అన్నమాచార్యుల రాగిరేకుల పాటలకు స్వరములు కూర్చెను. పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యుల ‘శివతాండవము’ చదువునపుడే కాలు లయ వేయును. వీరిద్దరును ఉపాధ్యాయులే!

దీనికి మార్కులు లేవు, పీరియడు లేదు అని అయ్యవార్లందురు. నిజమే. కాని ఆకాశవాణి నేడు వారి చేతి ఫోనులోనే పలుకుచున్నది. వారమున కొక అరగంట చాలును. రాగము పేరు, వాగ్గేయకారుని పేరు నల్లబల్లపై వ్రాసి, ఊరక వినుమనవలెను; వ్యాఖ్యానము వలదు. హిందూపురమునను, పెనుకొండనను పిల్లలు మొదట నవ్వుదురు. నవ్వనిండు. కొన్ని వారములకు మోహనమును గుర్తుపట్టు పిల్లవాడొకడు లేవకపోడు. వాడే ధర్మవరపు బడివాడైనచో, సాయంకాలము మగ్గము చెంత తండ్రికి ఆ రాగము పేరు చెప్పును.